జానకొక్క కుట్టు

వాన పట్టిన మధ్యాహ్నం. నిజం మేస్త్రీ కొట్లో ముక్కాలి పీట మీద కుట్లమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా బల్ల మీద ఆవిడ కుట్టు మిషను తలకిందులుగా పడుకుని ఉంది. దాన్ని అలా చూస్తుంటే, ఇంటి మనిషిని ఆస్పత్రి మంచం మీద బోర్లా పడుకోబెట్టినట్టు అనిపించింది ఆవిడకి.

మేస్త్రీ అసలు పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. మిషను విప్పి ఉన్నమాట చెప్పేస్తాడు కాబట్టి నిజం మేస్త్రీ. బాగున్న మిషను పట్టుకెళ్తే, "ఏం తల్లీ, తోచక వచ్చావా? ఒక నూనె చుక్క వేసుకోలేకపోయావా?" అని కసిరి పంపేస్తాడట. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. మాట్లాడితే లవంగం వాసన, దగ్గరికెళ్తే కిరసనాయిలు వాసన.

ఆయనకొక పద్ధతి ఉంది. మిషను ఇచ్చేసి సాయంత్రం వస్తానంటే ఒప్పుకోడు. "కూర్చోవాలి. మీ కళ్ళముందే విప్పుతాను, మీ కళ్ళముందే బిగిస్తాను. తీసిన ముక్క ఏదీ నేను ఉంచుకోను" అంటాడు. అన్నట్టే, పని అయ్యాక ఆ మిషను మీదే అరచేతంత గుడ్డతో చిన్న సంచి కుడతాడు. తీసిన పాత సామాను అందులో వేసి, నాలుగోవైపు కూడా కుట్టేసి చేతిలో పెడతాడు. మిషను కుడుతోందనడానికీ, ఏమీ మింగలేదనడానికీ ఆ సంచే సాక్ష్యం.

"ఇంతకు ముందు ఎంతమందికి చూపించారు?" అన్నాడు.

"ముగ్గురికి."

"తెలుస్తూనే ఉంది. బాబిను డబ్బా ఒకడు మార్చాడు, సూది కడ్డీ ఒకడు మార్చాడు, బెల్టు ఇంకొకడు. పాతవే నయం కదమ్మా."

"పాతవి ఏవయ్యా అంటే పారేశామన్నారు."

"పారేస్తారు, పారేస్తారు. వాళ్ళని అనడం ఎందుకులెండి, నా నోరు పాడవుతుంది." లవంగం ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చాడు. "జబ్బేమిటి?"

"జానెడు కుడితే ఒక కుట్టు వదిలేస్తుంది. లెక్కపెట్టినట్టు, జానకొక్కటి."

"ఎప్పటినుంచి?"

కుట్లమ్మ ఆలోచించింది. "మా పిల్లకి మూడో ఏట ఊపిరాడక ఇక దక్కదన్నారు. ఎలాగో గట్టెక్కింది. ఆ నెలలోనే మా మామగారు పోయారు. రాయిలాంటి మనిషి, ఆయాసం వచ్చి మూడు రోజుల్లో పోయారు. అదిగో, అప్పటినుంచి. మిషను మా అత్తగారిది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ దీన్ని బాగుచేయించనివ్వలేదు."

"ఎందుకట?"

"'ఆ ఒక్క కుట్టూ వదలనీవే. అన్నీ మూసేస్తే లోపలిది ఎటు పోతుంది?' అనేది. పెద్దతనం కదా, ఏదో అంటోందిలే అనుకునేవాళ్ళం."

జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళు ఆ వదిలిన కుట్టుని ఇన్నేళ్ళూ సర్దుకుపోయారు. సర్దుకోనిది ఆస్పత్రి. దిండు గలీబులు కుట్టే పని ఇచ్చి, తెచ్చిన రెండు మూటలూ తిప్పి పంపేశారు. ఉతికితే ఆ సందులోంచే చిరుగుతున్నాయట. రేపు పొద్దున్నకి బాగా కుట్టినవి ఇవ్వకపోతే పని ఇంకొకరికి పోతుంది. పని పోతే పోయింది, కూటికి లేకపోయినా ఎలాగో బతుకుతారు. కానీ ఆస్పత్రికి కుట్టే వాళ్ళ ఇంట్లో వాళ్ళకి మందులు అక్కడే ఊరికే ఇస్తారు. కుట్లమ్మ కూతురు ఇరవై ఏళ్ళది, ఆ మందు పీల్చకపోతే నాలుగు మెట్లు ఎక్కలేదు. ఛాతీలో ఎప్పుడూ పిల్లికూతలే. ఆ పిల్ల ఊపిరి కోసమే ఈవిడ కాళ్ళు ఆ పెడలు మీద ఇన్నేళ్ళుగా ఆడుతున్నాయి. ఈమధ్య ఆ కాళ్ళు రాత్రి పడుకున్నా ఆగటం లేదు.

కరెంటు పోయింది. వాన చప్పుడు పెద్దదయింది. మేస్త్రీ చిన్న టార్చిలైటు నోట కరుచుకుని మిషను పొట్టలోకి తొంగిచూశాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

తర్వాత టార్చిలైటు తీసి నెమ్మదిగా అన్నాడు.

"కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది. ఇటు చూడండి."

షటిల్ తిరిగే ఇరుసుకి ఒక తెల్ల వెంట్రుక చుట్టుకుని ఉంది. పొడుగాటిది.

"దారాలూ వెంట్రుకలూ చిక్కుకోవడం మామూలేగా?" అంది కుట్లమ్మ.

"చిక్కుకుంటే చిందరవందరగా ఉంటుందమ్మా. దీన్ని చుట్టారు. ఒక వరస పక్కన ఇంకో వరస, పోగు మీద పోగు పడకుండా. చివర చూడండి. దర్జీ వేసే ముడి." గోటితో ఆ ముడిని తడిమాడు. "ఇది విరిగింది కాదు, అరిగింది కాదు. ఎవరో కావాలని పెట్టింది. అందుకని అడుగుతున్నాను. తియ్యమంటారా, ఉంచమంటారా?"

నడుం దాటిన అత్తగారి తెల్లజడ గుర్తొచ్చింది కుట్లమ్మకి. ఏదో అడగాలనిపించింది. ఎవర్ని అడుగుతుంది? పోయిన మనిషినా? రేపు పొద్దున్న ఆస్పత్రి బండి వస్తుంది.

"తీసెయ్యండి మేస్త్రీ గారూ. అలిసిపోయాను."

ముడి తెగింది. మిషను చక్రం తనంతట తాను అరచుట్టు తిరిగి ఆగింది.

మేస్త్రీ చేతులు వెనక్కి తీసుకున్నాడు. "బిగువు వదిలింది కదా, అందుకని" అన్నాడు. కానీ ఆ మాట ఆవిడకి చెప్పినట్టు లేదు, తనకి తాను చెప్పుకున్నట్టుంది.

బిగించాడు. నూనె వేశాడు. ఎప్పటిలాగే అరచేతంత గుడ్డ తీసి మడిచి, మూడువైపులా కుట్టాడు. కుట్టు ముత్యాల వరసలా వచ్చింది, ఒక్కటి వదల్లేదు. సంచిలో దూది నలుసులు లేకుండా లోపలికి ఒకసారి గట్టిగా ఊదాడు. అదీ ఆయన అలవాటే. వెంట్రుకని వేలికి చుట్టి లోపల వేశాడు. నాలుగోవైపు కుట్టేశాడు.

కుట్టేసి, దగ్గాడు. మళ్ళీ దగ్గాడు.

"లవంగం అడ్డుపడింది" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

కుట్లమ్మ మిషను తలని గోనెలో చుట్టుకుని, సంచి రొంటిన దోపుకుని, వానలో ఇంటికి బయల్దేరింది. దారి పొడుగునా నడుం దగ్గర గోరువెచ్చగా ఉంది. ఒంటి వేడేలే అనుకుంది.

*

ఇంటికొచ్చి మిషను తలని చట్రం మీద ఎక్కించి, సంచిని సొరుగులో పడేసి పని మొదలుపెట్టింది. కరెంటు ఇంకా రాలేదు. సందె చీకట్లో కిటికీ పక్కన దీపం పెట్టుకుంది. గలీబుకి మూడువైపులా కుట్టు, నాలుగోవైపు మడత. తిరగేసి, దారప్పోగులు పోయేలా లోపలికి ఒకసారి ఊది, మడిచి పక్కన పెట్టడం. ఒకటి. రెండు. మూడు. ఒక్క కుట్టు కూడా వదల్లేదు. ఎంత హాయిగా నడిచిందంటే, ఇన్నేళ్ళూ ఈ మిషను తనని కావాలని ఏడిపించిందా అని ముక్కున వేలేసుకుంది ఆవిడ.

లోపలి గదిలోంచి కూతురు అరిచింది. "ఏంటమ్మా, దాని పిల్లికూతలు పోయినట్టున్నాయే! నన్ను కూడా ఆ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళు."

"తీసుకెళ్తానే. నిన్ను విప్పి చూస్తే నోరు తప్ప ఇంకేమీ దొరకదు" అంది తల్లి.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు ఆగాక ఇల్లంతా నిశ్శబ్దం.

పదో గలీబు దగ్గరో, పన్నెండో గలీబు దగ్గరో కుట్లమ్మ కాళ్ళు ఆగిపోయాయి. ఏదో తక్కువైంది. వాన వినిపిస్తోంది. చూరు నీళ్ళు వినిపిస్తున్నాయి. కానీ...

పిల్లికూతలు వినిపించటం లేదు.

పదిహేడేళ్ళుగా నిద్రలో కూడా వినే చప్పుడు. అది లేకపోతే... దీపం పట్టుకుని గదిలోకి పరిగెత్తింది. కూతురు వెల్లకిలా పడుకుని ఉంది. వెల్లకిలా! ఎత్తుగా దిండ్లు పెట్టుకుంటే తప్ప పడుకోలేని పిల్ల. ఛాతీ నిండుగా లేస్తోంది, నిండుగా దిగుతోంది. చప్పుడు లేదు. పసిపిల్లలా నిద్రపోతోంది.

కుట్లమ్మ గుమ్మంలో కూలబడి కళ్ళు ఒత్తుకుంది.

తిరిగి వచ్చి, కత్తెర కోసం సొరుగు లాగింది.

సంచి ఉబ్బి ఉంది.

అరచేతంత సంచి. ఒక్క వెంట్రుక పెట్టి కుట్టింది. కప్ప గొంతులా ఉబ్బి ఉంది. చూస్తుండగానే... దిగింది. మళ్ళీ ఉబ్బింది. సొరుగులోంచి గోరువెచ్చని గాలి. లవంగం వాసన.

సొరుగు మూసేసింది.

నిద్ర లేక కళ్ళు చెదిరాయి అనుకుంది. కాళ్ళు ఆగక పదమూడు రోజులుగా కంటిమీద కునుకు లేదు కదా. కళ్ళు ఏమైనా చూపిస్తాయి. పని మిగిలి ఉంది. కూర్చుంది. తొక్కింది. ఇరవై నాలుగూ పూర్తయ్యేసరికి ఒళ్ళు తనది కానట్టయింది. ఒక్క నిమిషం అని మిషను బల్ల మీద తలపెట్టింది.

టక... టక... టక... టక.

మంచి చప్పుడు. అలవాటైన చప్పుడు. చెంప కింద బల్ల సన్నగా అదురుతోంది. నిద్రలో కూడా కుడుతున్నాను కాబోలు, అనుకుంది. నా కాళ్ళు ఆగవు కదా.

అప్పుడు చలి తగిలింది పాదాలకి. గచ్చు చల్లదనం.

రెండు పాదాలూ నేల మీదే ఉన్నాయి.

టక... టక... టక.

తల ఎత్తలేకపోయింది. భయమో, అలసటో, రెండూ కలిసో. ఎవరో తల నిమిరినట్టయింది. తలనూనె వాసన వచ్చింది. అంతే... ఇంకేమీ గుర్తులేదు.

తెల్లారి లేచేసరికి మిషను ఆగి ఉంది. గలీబులన్నీ మూట కట్టి ఉన్నాయి. మూట తను కట్టినట్టు గుర్తులేదు. బయట ఆస్పత్రి బండి వాడు అప్పటికే తలుపు కొడుతున్నాడు.

*

బండి వెళ్ళిపోయాక, మేస్త్రీకి ఒక మాట చెప్పి రావాలనిపించింది కుట్లమ్మకి. ఏం చెప్పాలో మాత్రం తోచలేదు. కొట్టు మూసి ఉంది. పైన వాళ్ళ ఇల్లు. మెట్లెక్కుతుంటే ఎందుకో రొప్పు వచ్చింది. సగంలో ఒకసారి ఆగింది.

మేస్త్రీ భార్య తలుపు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి. "నిన్న మధ్యాహ్నం నుంచమ్మా. జన్మలో దగ్గు ఎరగని మనిషి. రాత్రంతా కూర్చునే ఉన్నాడు. ఆస్పత్రి వాళ్ళు ఛాతీ బాగానే ఉంది పొమ్మన్నారు."

మేస్త్రీ మంచం మీద ముందుకి వంగి కూర్చుని ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఒక్కరోజులో పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు. కుట్లమ్మని చూసి, దగ్గరికి రమ్మని వేలు ఆడించాడు. ఆవిడ చెవి దగ్గర గుసగుసగా అన్నాడు.

"ఊదింది... తిరిగి రాలేదమ్మా."

ఇక మాట రాలేదు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి చూపించాడు.

కుట్లమ్మకి అత్తగారి మాట చెవిలో మోగింది. అన్నీ మూసేస్తే లోపలిది ఎటు పోతుంది?

ఎటు పోయిందో ఆవిడకి తెలుసు. రాత్రి కూతురి ఛాతీలో నిండుగా లేచి దిగింది అదే.

ఇంటికి ఎలా వచ్చిందో తెలియదు. వీధి చివర నుంచే కనిపించింది కూతురు. మేడ మెట్ల మీద, పైన, బట్టలు ఆరేస్తూ.

"అమ్మా! చూడు!" గబగబా దిగి, మళ్ళీ పైకెక్కి, మళ్ళీ దిగింది. "మూడుసార్లు ఎక్కాను. ఒక్కసారి కూడా ఆగలేదు. మందు కూడా పీల్చలేదే! ఏంటమ్మా అలా చూస్తావు? దెయ్యాన్ని చూసినట్టు?"

"ఏం లేదు. లోపలికి పద. కూర్చో."

"కూర్చోను. ఇరవై ఏళ్ళు కూర్చునే ఉన్నాను."

కుట్లమ్మ సొరుగు తీసింది. సంచి ఉబ్బుతోంది, దిగుతోంది. పక్కన కత్తెర. ఎంతసేపు నిలబడిందో. పెరట్లో కూతురు ఏదో పాట అందుకుంది. ఆ పిల్లకి పాట వచ్చని తల్లికి తెలియదు. పాటకి సరిపడా ఊపిరి ఎప్పుడు ఉంది కనక?

ముగ్గురు మోసం చేసినప్పుడు ఏమీ కాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, తియ్యమంటారా ఉంచమంటారా అని అడిగినవాడు అక్కడ నీలంగా కూర్చుని ఉన్నాడు. తియ్యమన్నది తను.

"క్షమించవే తల్లీ" అంది. ఒక్క కుట్టు కత్తిరించింది.

వెచ్చని ఊపిరి చెంపని తాకి వెళ్ళిపోయింది. కిరసనాయిలు. లవంగం.

సంచి చప్పబడింది. పెరట్లో పాట మధ్యలో తెగింది. దగ్గు. ఆ వెనకే, సన్నగా... పిల్లికూత.

కుట్లమ్మ మిగతా కుట్లు కూడా విప్పి సంచిని తిరగేసింది. లోపల వెంట్రుక లేదు. విప్పేదాకా నాలుగువైపులా ఒక్క కుట్టు తెగలేదు. తను కత్తిరించింది తప్ప. వెంట్రుక మాత్రం లేదు.

*

మధ్యాహ్నానికి మేస్త్రీ భార్య కబురు పంపింది. ఆయన లేచాడట, గంజి తాగాడట, ఎందుకు ఏడుస్తున్నావని తననే కసిరాడట.

కుట్లమ్మ ఆ మాట విని గోడకి జారబడింది. రొప్పు తగ్గలేదు. పొద్దున్న మెట్లెక్కిన రొప్పు ఇంకా ఉందేమిటో. గదిలో కూతురు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుంది. పిల్లికూతలు పెద్దవిగా ఉన్నవి, చిన్నవయ్యాయి. ఇంకా చిన్నవయ్యాయి. తర్వాత... ఆగిపోయాయి. తొంగిచూస్తే, కూతురు దిండ్లు పక్కకి తోసేసి, వెల్లకిలా, పసిపిల్లలా.

తల్లికి సంతోషం రాలేదు. ఆనాడు మామగారిది, నిన్న మేస్త్రీది. ఈసారి ఎవరిది?

ఫోను మోగింది. ఆస్పత్రి స్టోరు గుమాస్తా.

"అక్కా, గలీబులు అద్దంలా ఉన్నాయి. పని నీకే రాశాం. కానీ ఒకటి ఎక్కువ పంపావేంటి?"

"ఎక్కువా? ఇరవై నాలుగే కదయ్యా."

"ఇరవై అయిదు. పైగా ఆ ఒక్కటీ దిండు లోపల పెట్టి నాలుగువైపులా కుట్టేశావు. మెత్తగా ఉందిలే, వెచ్చగా. ఒక మాట అడగనా? మూడువైపులా తెల్లదారమే. నాలుగోవైపు మాత్రం... అది దారం కాదక్కా. వెంట్రుక. జానెడు పొడుగునా తెల్ల వెంట్రుక."

కుట్లమ్మ లేచి నిలబడింది. "ఎక్కడుంది అది? తీసి పెట్టు. వస్తున్నాను."

"ఎక్కడుందంటే ఏం చెప్పను, పొద్దున్నే వార్డుల్లోకి వెళ్ళిపోయాయి. ఎవరి తలకింద పెట్టారో... నీ గొంతేంటక్కా అలా ఉంది? పరిగెత్తుకొచ్చావా?"

ఫోను పెట్టేసి కత్తెర తీసుకుంది. ఆస్పత్రి అరగంట నడక. గుమ్మం దాకా నాలుగు అడుగులు. రెండు వేసేసరికి గాలి చాలలేదు. ఛాతీలో ఏదో సన్నగా కూసింది. చెవి ఒగ్గి విన్నది. అది తన ఛాతీయే.

ఒక్క నిమిషం కూర్చుని వెళ్దాం అనుకుంది. మిషను ముందున్న పీట మీద కూర్చుంది.

అప్పుడు చూసింది.

కింద పెడలు కదులుతోంది. ఎవరూ తొక్కటం లేదు. మెల్లగా కిందికి, మెల్లగా పైకి. కిందికి దిగినప్పుడల్లా లోపలి గదిలో కూతురు ఊపిరి తీసుకుంటోంది. పైకి లేచినప్పుడల్లా వదులుతోంది.

కుట్లమ్మ పాదం చాపి పెడలుని ఆపింది.

గదిలో నిశ్శబ్దం.

ఒకటి... రెండు... మూడు...

కాలు తీసేసింది.

మిషను మళ్ళీ మొదలయింది. కత్తెర ఒళ్ళో పెట్టుకుని, ఆ చప్పుడు వింటూ, ఆవిడ అలాగే కూర్చుంది. వెనక నుంచి ఎవరో తల నిమిరారు.